మీకు తెలుసా? స్ప్రెడ్‌షీట్‌లో తేదీలు తిరగబడే తీరు

03/04/2024. నెల్లూరులో ఉన్నవాళ్లకు ఇది ఏప్రిల్ మూడు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయికి మార్చి నాలుగు. ఇద్దరిదీ తప్పు కాదు. కాగితం మీదయితే పక్కన ఇంకేదో ఆధారం చూసుకుని సర్దుకుంటాం. అదే తేదీ ఒక సీఎస్‌వీ ఫైల్లో (విలువల మధ్య కామాలు పెట్టిన టెక్స్ట్ ఫైలు) చేరి ఎక్సెల్‌లోకి వెళ్లిందా, ఇక నిర్ణయం మన చేతిలో ఉండదు. కంప్యూటర్‌లోని రీజియన్ సెట్టింగ్ చూసుకుని ఎక్సెలే తేల్చేస్తుంది. తేల్చిన సంగతి మనకు చెప్పదు.

సెల్లో నిజంగా ఉండేది తేదీ కాదు

తెర మీద కనిపించేది 15-08-1947 కావచ్చు. ఎక్సెల్ లోపల రాసుకునేది మాత్రం 17394. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని, అక్కణ్నుంచి రోజుకో అంకె చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1 దాని లెక్కలో 20760. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 అయితే 41792. గంటలూ నిమిషాలూ దశాంశాల్లో ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండంటే 0.5.

అందుకే ఒక తేదీలోంచి ఇంకో తేదీని తీసివేస్తే మధ్యలో ఎన్ని రోజులో ఇట్టే తెలిసిపోతుంది. తేదీ ఉండాల్సిన చోట 45 వేలో 46 వేలో చిల్లరగా ఒక సంఖ్య కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పోయింది పైన కనిపించే రూపమే, తేదీ భద్రంగానే ఉంది.

ఈ లెక్క 1900 దగ్గర మొదలవడం వల్ల అంతకు ముందు కాలం ఎక్సెల్‌కు లేనట్టే. గురజాడ పుట్టిన 1862 సెప్టెంబరు 21ని ఏ రూపంలో టైపు చేసినా మామూలు అక్షరాల్లాగే పడుంటుంది. దాంతో వయసు లెక్క రాదు, మిగతా తేదీలతో కలిపి వరుసలో పెట్టడమూ కుదరదు. లిబ్రేఆఫీస్ కాల్క్‌కు ఈ పట్టింపు లేదు, పాత శతాబ్దాలనూ తేదీలుగానే తీసుకుంటుంది.

ఏడాదికి 132 రోజులు చప్పుడు కాకుండా మారిపోతాయి

రోజు ముందు, నెల తర్వాత రాసిన మన ఫైలును అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచారనుకుందాం. 25/04/2024 వచ్చినప్పుడు ఎక్సెల్ 25వ నెల లేదని గ్రహించి, దాన్ని తేదీగా మార్చకుండా అక్షరాలుగానే వదిలేస్తుంది. 03/04/2024 వస్తే దానికి అభ్యంతరమేమీ కనిపించదు. మార్చి 4 అని రాసేసుకుంటుంది.

లెక్క వేసి చూడండి. ప్రతి నెలలో మొదటి 12 రోజులకే ఈ అయోమయం. పన్నెండు నెలలకు 144 రోజులు. అందులో జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 3 వంటి పన్నెండింటిని తిరగేసినా అవే వస్తాయి. మిగిలిన 132 రోజులు తప్పుడు తేదీలుగా మారిపోతాయి. లీపు సంవత్సరం కాకపోతే మరో 221 రోజులు అక్షరాలుగా మిగిలిపోతాయి.

నన్నడిగితే ఆ 221తో పెద్ద బెడద లేదు. అవి మొరాయిస్తాయి, ఫార్ములాలు తప్పు చూపిస్తాయి, ఎవరో ఒకరు పట్టుకుంటారు. సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ జీతాల షీట్లోకో, బకాయిల లెక్కలోకో నడిచిపోయేవి ఆ 132. వాటిని ఎవరూ అనుమానించరు.

ఏప్రిల్ బిల్లులు నాలుగో తేదీకి చేరతాయి

ఒక దుకాణం ఏప్రిల్ నెల అమ్మకాల ఫైలు ఇలా తిరగబడిందంటే ఏమవుతుంది? 01/04 జనవరి 4 అవుతుంది, 02/04 ఫిబ్రవరి 4, 12/04 డిసెంబరు 4. మొదటి పన్నెండు రోజుల వ్యాపారం ఏడాది పొడవునా పరుచుకుంటుంది, అదీ ప్రతి నెలా సరిగ్గా నాలుగో తేదీన! జూన్‌లో కూర్చుని చూస్తుంటే డిసెంబరు బిల్లు ఎదురైందా, ఇంక వెతకాల్సింది తేదీల కాలమ్‌నే.

పట్టుకోవడానికి ఇంకా సులువైన దారులున్నాయి. అలైన్‌మెంట్ ఎవరూ ముట్టుకోని కాలమ్‌లో అసలైన తేదీలు కుడివైపుకు, అక్షరాలుగా మిగిలినవి ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే కాలమ్‌లో సగం అటూ సగం ఇటూ ఉన్నాయంటే కుడివైపువి కూడా నమ్మదగ్గవి కావు. ఫిల్టర్ బాణం నొక్కితే అసలు తేదీలు సంవత్సరం, నెల వారీగా గుంపులు కట్టి కనిపిస్తాయి. అక్షరాలు వాటి కింద విడివిడిగా వేలాడుతుంటాయి. కొత్త ఫైలు చేతికొచ్చిన వెంటనే ఆ బాణం ఒక్కసారి నొక్కి చూడటం ఏ ఫార్ములా కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

లేని రోజుకు ఒక నంబరు ఉంది

1900 లీపు సంవత్సరం కాదు. వందతో భాగింపబడే ఏడాది నాలుగు వందలతో కూడా భాగింపబడితేనే లీపు. అయినా ఎక్సెల్‌లో 60 అని కొట్టి తేదీగా మార్చండి, 29-02-1900 అని చూపిస్తుంది. మనం వాడే క్యాలెండర్‌లో ఆ రోజే లేదు.

ఇది 1983లో బజారుకొచ్చిన లోటస్ 1-2-3 చేసిన పొరపాటు. అప్పట్లో స్ప్రెడ్‌షీట్ అంటే లోటసే. దాని ఫైళ్లు తమ దగ్గర కూడా తేడా లేకుండా తెరుచుకోవాలని మైక్రోసాఫ్ట్ ఆ పొరపాటును తెలిసే తెచ్చిపెట్టుకుంది. ఎక్సెల్ బృందంలో పనిచేసిన జోయెల్ స్పోల్‌స్కీ దీని మీద ఒక ముచ్చట రాశాడు. 1992లో ఎక్సెల్ కోసం తాను రాసిన బేసిక్ భాష డిజైన్‌ను బిల్ గేట్స్ ముందు పెట్టినప్పుడు ఆయన అడుగుతూ అడుగుతూ తేదీల ఫంక్షన్ల దగ్గరికి వచ్చాడట. బేసిక్ లెక్కకూ ఎక్సెల్ లెక్కకూ 1900 జనవరి, ఫిబ్రవరి నెలల్లో తప్ప తేడా లేదని స్పోల్‌స్కీ చెప్పగలిగాడు. ఎందుకంటే అంతకు ముందే ఆ రెండు నెలల తికమక వెనక ఉన్న లోటస్ కథంతా తెలుసుకుని వెళ్లాడు.

గూగుల్ షీట్స్ ఆ లేని రోజును ఒప్పుకోలేదు. దాని సున్నా 1899 డిసెంబరు 30. అలా ఒక రోజు వెనక్కి జరగడం వల్ల 1900 మార్చి 1 నుంచి రెండింటి నంబర్లూ ఒక్కటే అవుతాయి. మీ దగ్గరికొచ్చిన రిపోర్టులో 30-12-1899 అని కనిపిస్తే అది ఎవరి పుట్టినరోజూ కాదు, ఖాళీ సెల్. ఎక్సెల్‌లో అయితే అదే ఖాళీ 00-01-1900గా దర్శనమిస్తుంది. జనవరి సున్నాన చేరిన ఉద్యోగుల జాబితాలు ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంటాయి.

పాత మ్యాక్ ఎక్సెల్‌ది ఇంకో దారి. అది 1904 జనవరి 1ని సున్నాగా పెట్టుకుంది. ఆ ఫైల్లోని తేదీలను ఇప్పటి ఫైల్లోకి కాపీ చేస్తే 1462 రోజుల తేడా రావచ్చు, అంటే నాలుగేళ్ల మీద ఒక రోజు. వయసుల్లో అందరికీ ఒకేలా నాలుగేళ్లు తేడా వచ్చిందంటే కారణం అక్కడ వెతకాలి.

డోర్ నంబరు తేదీ అవుతుంది

మన దగ్గర ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అని మధ్యలో అడ్డగీతలతో ఉంటాయి. 4-7-12 అనే డోర్ నంబరున్న జాబితాను ఎక్సెల్‌లో తెరిస్తే అది 04-07-2012 అయి కూర్చుంటుంది. భారత సెట్టింగ్‌లో జులై 4, అమెరికా సెట్టింగ్‌లో ఏప్రిల్ 7. పొలం సర్వే నంబరు 12/3 అయితే 12-మార్చి అవుతుంది, సంవత్సరం ఈ ఏడాదిదే తగిలించుకుంటుంది.

ఇక్కడ అసలు చిక్కు వెనక్కి తీసుకురావడంలో ఉంది. అయ్యో అనుకుని ఆ సెల్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మారిస్తే 4-7-12 తిరిగి రాదు, 41094 వస్తుంది. పైగా ఆ సీఎస్‌వీని అలాగే సేవ్ చేస్తే, కనిపిస్తున్న రూపమే ఫైల్లోకి ఎక్కుతుంది. అసలు నంబరు పోయినట్టే. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవడం, చూసి మూసేటప్పుడు అలవాటుగా సేవ్ కొట్టడం, ఈ రెండూ కలిస్తే పాడవని జాబితా ఉండదు. అలాంటి కాలమ్‌లను ఇంపోర్ట్ చేసేటప్పుడే టెక్స్ట్ అని ప్రకటించాలి. చేత్తో టైపు చేస్తున్నప్పుడైతే సెల్‌ను ముందే టెక్స్ట్ చేసుకోవచ్చు, లేదా ముందు ఒక అపాస్ట్రఫీ పెడితే చాలు.

జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది

జీవశాస్త్రంలో మార్చ్1, సెప్ట్2 అని కొన్ని జన్యువుల సంకేతాలు ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 2 చేసేసేది. ఈ తిప్పల గురించి పరిశోధకులు 2004లోనే పత్రం ప్రచురించారు. 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా గట్టి సంగతి చెప్పింది: జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘమే దిగొచ్చింది. మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్1ను సెప్టిన్1గా మార్చింది. సాఫ్ట్‌వేర్ మారదని తేలాక సైన్సు తన పేర్లు మార్చుకుంది!

2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఆప్షన్లలోని డేటా విభాగంలో ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే వరుస చేర్చింది. అంకెలూ అక్షరాలూ కలిసినవాటిని తేదీలుగా మార్చడం అక్కడ ఆపేయొచ్చు.

పాల డబ్బా మీద ఎంఏ అంటే మే, మార్చి కాదు

తేదీ రాయడాన్ని అమెరికా నెలతో మొదలుపెడుతుంది. బ్రిటన్, మనం రోజుతో. చైనా, జపాన్, కొరియా, హంగరీ సంవత్సరంతో. కెనడాలో మూడూ కనిపిస్తాయి. అందుకే అక్కడ తినుబండారాల మీద వాడాల్సిన గడువును ఇంగ్లిషుకూ ఫ్రెంచికీ సరిపోయే రెండక్షరాల నెల గుర్తులతో వేస్తారు. మార్చికి ఎంఆర్, మేకి ఎంఏ, ఏప్రిల్‌కు ఏఎల్. టొరంటోకు కొత్తగా వెళ్లిన మనవాళ్లు ఫ్రిజ్ ముందు నిలబడి ఆలోచించేది దీని గురించే. ఏ స్ప్రెడ్‌షీట్ కూడా ఆ గుర్తులను తనంతట తాను నెలలుగా చదవదు. అది ఒకందుకు మంచిదే.

సంవత్సరమే వేరయిన చోట్ల ముప్పు ఎక్కువ. థాయ్‌లాండ్‌లో బౌద్ధ శకం వాడతారు, మన 2024 వాళ్ల 2567. నేపాల్ విక్రమ శకం దాదాపు 57 ఏళ్లు ముందుంటుంది, కొన్ని నెలలకు 32 రోజులుంటాయి. 32 కనిపిస్తే ఎక్సెల్ ఆగిపోతుంది. 2081-02-15 కనిపిస్తే మాత్రం ఆగదు. ఇంగ్లిషు క్యాలెండర్‌లోని 2081 ఫిబ్రవరి పదిహేను కాబోలనుకుని తీసేసుకుంటుంది.

దీనికి నేపాల్ దాకా వెళ్లక్కర్లేదు. 1957 మార్చి 22 నుంచి మన ప్రభుత్వం శక సంవత్సరాన్ని జాతీయ క్యాలెండర్‌గా వాడుతోంది, భారత గెజిట్ మీద రెండు తేదీలూ ఉంటాయి. 2024 మార్చి 21న మొదలైన శక సంవత్సరం 1946. ఎవరైనా ఆ తేదీని అంకెల్లో ఎక్కిస్తే షీట్ దాన్ని స్వాతంత్ర్యానికి ముందటి సంవత్సరంగా చదువుకుంటుంది. శుభలేఖ మీది "శ్రీ క్రోధి నామ సంవత్సర చైత్ర మాస" వరుసను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేదీ అనుకోదు. వీటన్నిటిలో చెక్కుచెదరకుండా ఉండేది అదొక్కటే.

మీ పాస్‌పోర్టులో రెండు రకాల తేదీలున్నాయి

ఫొటో పక్కన రోజు, నెల, సంవత్సరం. కింద యంత్రం చదివే రెండు వరుసల్లో అదే పుట్టినతేదీ సంవత్సరం, నెల, రోజు అని ఆరంకెల్లో తిరగేసి ఉంటుంది. ఏ దేశం పాస్‌పోర్టయినా ఆ వరుసల్లో క్రమం అదే. అమెరికా పాస్‌పోర్టు మీద పైన కనిపించే తేదీలో నెలను అక్షరాల్లో వేస్తారు, కాబట్టి ఇబ్బంది రాదు.

ఫైళ్లకు ఇలాంటి ఒప్పందమే 1988లో వచ్చింది. ఐఎస్ఓ 8601 ప్రకారం 2024-04-03 అని రాయాలి, పెద్దది ముందు, చిన్నది చివర. ఇంకో లాభం కూడా ఉంది. ఇది అక్షరాలుగా మిగిలిపోయినా వరుసలో పెడితే కాలక్రమంలోనే వస్తుంది. మన పద్ధతిలో రాసినవి అలా రావు, ప్రతి నెలా ఒకటో తేదీలన్నీ ముందొచ్చి చేరతాయి. మధ్యలో గీతలు మానేసి 20240403 అని మాత్రం పంపకండి. ఎక్సెల్‌కు అది రెండు కోట్ల పైచిలుకు సంఖ్య. తేదీగా మారిస్తే సెల్ నిండా హాష్ గుర్తులే కనిపిస్తాయి, ఎందుకంటే దాని లెక్క 9999 డిసెంబరు 31 దగ్గర, అంటే 2958465 దగ్గర ఆగిపోతుంది.

మాట్లాడుకునేటప్పుడు, ఉత్తరాల్లో మన పద్ధతి మానుకోవాలని నేను అనను. ఇంకొకరి కంప్యూటర్‌కు వెళ్లే ఫైలు సంగతి వేరు.

టెక్స్ట్ టు కాలమ్స్ అడిగేది మీకేం కావాలని కాదు

ఎక్సెల్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ మూడో మెట్టులో డేట్ అని, పక్కన డీఎంవై (రోజు, నెల, సంవత్సరం), ఎండీవై (నెల, రోజు, సంవత్సరం) వంటి ఎంపికలు ఉంటాయి. చాలామంది అక్కడ తమకు కావలసిన రూపాన్ని ఎంచుకుంటారు. అడుగుతున్నది అది కాదు, వచ్చిన డేటా ఏ క్రమంలో ఉందని. అమెరికా నుంచి వచ్చిన ఫైలయితే ఎండీవై ఎంచుకోవాలి. ఎంచుకున్నాక సెల్లో మన పద్ధతిలోనే కనిపిస్తుంది.

ఎక్సెల్‌లోనే డేటాను ఇంపోర్ట్ చేసే పవర్ క్వెరీలో ఇదే పనికి కాలమ్ రకం మార్చేచోట యూజింగ్ లొకేల్ (ఏ దేశపు పద్ధతి అని) ఉంటుంది. అందులో డేట్, ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అని చెప్తే ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా చదువుతుంది. జర్మనీ ఫైల్లోని 15. ఒక్టోబర్ వంటి నెల పేర్లు కూడా జర్మన్ లొకేల్ పెడితే దారికొస్తాయి. గూగుల్ షీట్స్‌లో ఈ లొకేల్ కంప్యూటర్‌ది కాదు, ఆ షీట్‌ది. ఫైల్ మెనూ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

అక్షరాలను తేదీగా మార్చే డేట్‌వాల్యూ ఫంక్షన్ కూడా రీజియన్ చూసే చదువుతుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. అక్షరాలను ముక్కలు చేసి డేట్ ఫంక్షన్‌కు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇవ్వడం పాతకాలపు పద్ధతే గానీ ఎక్కడైనా నిలబడుతుంది. దాంట్లోనూ ఒక గుంట ఉంది. సంవత్సరం 24 అని ఇస్తే 2024 అనుకోదు, 1900కు కలిపి 1924 చేస్తుంది.

పైథాన్‌లో పాండాస్ అనే లైబ్రరీ వాడేవాళ్లకు 2.0కు ముందు వెర్షన్లలో ఇంకో వింత ఎదురయ్యేది. ఒకే కాలమ్‌లో 12/01ని డిసెంబరు ఒకటిగా, దాని కిందే ఉన్న 13/01ని జనవరి పదమూడుగా చదివేది. 2023లో వచ్చిన 2.0 నుంచి మొదటి విలువను చూసి ఒక క్రమం నిర్ణయించుకుని, మిగతావన్నీ అలాగే చదువుతుంది, కుదరకపోతే ఆగిపోతుంది. ఆగిపోవడమే కావలసింది.

సగం తిరగబడ్డ కాలమ్‌ను అక్కడే బాగు చేయబోకండి. ఏది తిరిగిందో ఏది తిరగలేదో మీకూ గుర్తుండదు. అసలు ఫైలు దగ్గరికి వెళ్లి మొదటినుంచి ఇంపోర్ట్ చేయడమే తక్కువ పని.

మార్చి 31 రాత్రి జరిగిన అమ్మకం ఏ సంవత్సరానిది?

వెబ్‌సైట్ల నుంచి వచ్చే డేటాలో తేదీ బదులు పదంకెల సంఖ్య ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు అవి. 86400తో భాగించి 25569 కలిపితే ఎక్సెల్ తేదీ వస్తుంది. పదమూడంకెలుంటే అవి మిల్లీసెకన్లు, ముందు వెయ్యితో భాగించాలి.

అయితే వచ్చిన సమయం గ్రీన్‌విచ్ లెక్కది. మనం అయిదున్నర గంటలు ముందున్నాం. ఆ లెక్కలో మార్చి 31 సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మనకు ఏప్రిల్ 1 మొదలవుతుంది. అప్పటినుంచి మనకు తెల్లవారుజామున అయిదున్నర దాకా జరిగిన ప్రతి లావాదేవీ, ఆ అయిదున్నర గంటలు కలపకపోతే, పాత ఆర్థిక సంవత్సరం ఖాతాలోకి పోతుంది. కలపాల్సింది 5.5ను 24తో భాగించగా వచ్చిన విలువ.

2029 తర్వాత వచ్చేది 1930

సంవత్సరాన్ని రెండంకెల్లో రాస్తే, పాత విండోస్ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లలో ఎక్సెల్ 00 నుంచి 29 వరకు ఈ శతాబ్దం, 30 నుంచి 99 వరకు పోయిన శతాబ్దం అనుకుంటుంది. చాలాకాలం ఇది పెద్దవాళ్ల పుట్టినతేదీలనే ఇబ్బంది పెట్టింది. 1928లో పుట్టిన తాతగారిని 28 అని రాస్తే ఆయనింకా పుట్టనట్టు వచ్చేది.

ఇప్పుడు అది అటునుంచి తగులుతోంది. 2031లో చేతికొచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను అలాంటి కంప్యూటర్‌లో 15-06-31 అని ఎక్కిస్తే 1931 అవుతుంది, మిగిలిన రోజులు మైనస్‌లో పడతాయి. ఇంటి అప్పు వాయిదాల పట్టికలు, బీమా పాలసీల గడువులు, లీజులు అన్నీ ఇప్పుడు ఆ గీత దాటుతున్నవే. విండోస్ రీజియన్ సెట్టింగుల్లో ఆ గీతను ముందుకు జరపొచ్చు. కానీ ఆ మార్పు మీ కంప్యూటర్‌కే పరిమితం, ఫైలుతో పాటు అవతలివాళ్ల దగ్గరికి వెళ్లదు. నాలుగంకెలు రాస్తే ఈ గొడవే ఉండదు.